నీటి అడుగున నాలుగు పాఠాలు



ఈ నెల మన పేజీకి వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఆరో తరగతి చదివే అమ్మాయి రాసింది. "మా బాబాయి అండమాన్ దీవులకు వెళ్ళి, సముద్రంలో 40 మీటర్ల లోతుకు దిగడం నేర్చుకుంటాడట. ఆ మాట విన్నప్పటినుంచీ మా నాయనమ్మ సరిగా అన్నం తినడం లేదు. సముద్రంతో పరాచికాలేమిటిరా అంటున్నది. బాబాయి మాత్రం 'ఏం ఫరవాలేదమ్మా' అని నవ్వుతున్నాడు. ఇద్దరిలో ఎవరిది సరైన మాట?" అని అడిగింది.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది. ఎవరి మాటలో ఎంత ఉన్నదో తేల్చుకోవాలంటే మనం కూడా ఆ బాబాయి వెంట వెళ్ళి ఆ బడి చూడాలి. పదండి.

అండమాన్‌లో ఇటువంటి బడులు ఎక్కువగా స్వరాజ్ ద్వీపంలో ఉన్నాయి. 2018 వరకు దానిని హేవ్‌లాక్ అనేవారు. పోర్ట్ బ్లెయిరు నుంచి పడవ మీద అక్కడికి వెళ్ళాలి. ఆ పోర్ట్ బ్లెయిరుకు కూడా 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ ఊరి బజారులో నడుస్తూంటే తెలుగు మాటలు చెవినపడతాయి. మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి మరి! బాబాయికి భాష తెలియని బెంగ ఉండదు.

వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట గొట్టం పెట్టుకుని నీటి అడుగున తిరగడాన్ని స్కూబా డైవింగు అంటారు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా కావలసినంత గాలిని మాత్రమే నోటికి అందించే సాధనాన్ని ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యా అనే ఇద్దరు 1943లో తయారుచేశారు. అంతకు ముందు లోతుకు దిగేవాళ్ళు ఎక్కువగా బరువైన లోహపు టోపీ పెట్టుకుని, పైనుంచి పడవవాళ్ళు గొట్టం ద్వారా పంపే గాలి పీల్చేవారు. ఇప్పుడు చేపకు మల్లే ఎటు కావాలంటే అటు ఈదవచ్చు.

ఇందులోనూ తరగతులున్నాయి. మొదటి తరగతి పాసైతే 18 మీటర్ల వరకు, తరవాతి తరగతి పాసైతే 30 మీటర్ల వరకు దిగవచ్చు. అది కూడా చాలదనుకునేవాళ్ళకు లోతు డైవింగు తరగతి ఉన్నది. దానితో 40 మీటర్ల వరకు పోవచ్చు. సరదాకు దిగేవాళ్ళకు అదే ఆఖరు మెట్టు. ఈ బడులలో చాలావాటికి పాఠాలు నిర్ణయించే సంస్థ ఒకటి 1966లో అమెరికాలో పుట్టింది. దాని పేరు పాడి. (మన గేదెల పాడికీ దీనికీ ఏమీ సంబంధం లేదు!) పాడి వారి లెక్కన లోతు తరగతిలో నాలుగుసార్లు సముద్రంలో దిగాలి. 15 ఏళ్ళు నిండనివాళ్ళను చేర్చుకోరు. కాబట్టి మీలో చాలామంది ఇంకా కొన్నాళ్ళు ఆగాలి.

40 మీటర్లంటే ఎంత? రెండు కొబ్బరిచెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెడితే దాదాపు అంత అవుతుంది.

బడిలో మొదటి పని నీళ్ళలో దిగడం కాదు, ఒక కాగితం నింపడం. ఉబ్బసం ఉన్నదా, మూర్ఛలు వచ్చాయా, గుండెజబ్బు ఉన్నదా, చెవికి ఆపరేషను అయిందా, ఏమేం మందులు మింగుతున్నావు అని వరసగా ప్రశ్నలుంటాయి. ఒక్కదానికి అవునన్నా డాక్టరు దగ్గరికి పంపవచ్చునని, కొందరు ధీరులు అన్నిటికీ "లేదు, లేదు" అని రాసిపారేస్తారు. పరీక్షలో కాపీ కొట్టినవాడికి మార్కులే పోతాయి. ఇక్కడ అబద్ధమాడినవాడికి పోయేది మార్కులు కాదు. నాయనమ్మగారు బాబాయిని అడగవలసిన మొదటి ప్రశ్న, "ఆ కాగితంలో నిజం రాశావా?" అని.

ఇక పాఠం. మీరు ఇంటి దగ్గర చెయ్యగల చిన్న ప్రయోగంతో మొదలుపెడదాం. బకెట్టు నిండా నీళ్ళు పొయ్యండి. ఒక గాజుగ్లాసును బోర్లించి నిటారుగా లోపలికి నొక్కండి. నీరు గ్లాసు అంచు దాటి ఒక పిసరు మాత్రమే పైకి వస్తుంది. లోపలి గాలి దానిని ఇంకా ఎక్కనివ్వదు. ఇదే గ్లాసును సముద్రంలోకి తీసుకుపోయారనుకోండి. 10 మీటర్ల లోతున అది సగం వరకు నీటితో నిండుతుంది. 30 మీటర్ల దగ్గర ముప్పాతిక నిండుతుంది. 40 మీటర్ల దగ్గర, గ్లాసు నిండా ఉన్న గాలి కాస్తా అయిదో వంతు చోటులోకి ముడుచుకుపోతుంది.

కారణం ఏమంటే, నేలమీద ఉన్నప్పుడు మనమీద గాలి బరువు ఉంటుంది. దానిని ఒక వాతావరణం ఒత్తిడి అంటారు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ అంతంత ఒత్తిడి కొత్తగా వచ్చి చేరుతుంది. 40 మీటర్ల దగ్గర మొత్తం అయిదు రెట్లు. అంటే బొటనవేలి గోరంత చోటు మీద సుమారు 5 కిలోల బరువు పెట్టినట్టు.

మరి మనిషి నలిగిపోడా? పోడు. కొన్ని బడులలో ఇందుకొక తమాషా చూపిస్తారు. ఖాళీ ప్లాస్టిక్ సీసాకు మూత బిగించి ఒకటి, పచ్చి కోడిగుడ్డు ఒకటి వెంట తీసుకుపోతారు. దిగుతూంటే సీసా ఎవరో పిండినట్టు నొక్కుకుపోతుంది. గుడ్డు చెక్కుచెదరదు. సీసాలో ఉన్నది గాలి, గుడ్డులో దాదాపు అంతా ద్రవం. ద్రవాలు ఒత్తిడికి ముడుచుకోవు. మన ఒంట్లోనూ ఎక్కువ భాగం నీరే. గాలి ఉండే చోట్లకే చిక్కు: చెవులు, ముక్కు వెనక గుల్లలు, ఊపిరితిత్తులు. అందుకే దిగుతూ దిగుతూ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతూ చెవులను సరిచేసుకుంటారు. జలుబు చేసినప్పుడు ఇది సాగదు. జలుబుతో దిగబోయేవాణ్ణి మంచి గురువు ఒడ్డునే కూర్చోబెడతాడు.

అన్నట్టు, అడుగుకు చేరాక ఆ గుడ్డు పగలగొడతారు. లోపలి సొన కారిపోకుండా, పచ్చ చుట్టూ తెల్లసొన అంటుకుని, గుండ్రంగా నీళ్ళలో తేలుతూ నిలబడుతుంది. దానిని చేతిమీద ఎగరేసి ఆడుకుంటారు! ఒత్తిడి గుడ్డును అలా పట్టి ఉంచిందని కొందరు చెబుతారు గాని అది సరికాదు. ఒత్తిడి అన్ని వైపులా సమానమే కదా. సొనను చుట్టూ నీరు మోస్తూ ఉండటంవల్లనే అది పళ్ళెంలో మాదిరిగా చదునుగా పడిపోదు. ఈ ఆట ఎంతోసేపు సాగదు లెండి, చేపలు వచ్చి తినేస్తాయి.

ఇంకొక వింత రంగులది. నీరు సూర్యకాంతిలోని ఎరుపును ముందుగా మింగేస్తుంది. 30 మీటర్ల కింద నుదుటి కుంకుమబొట్టు నల్లగా కనిపిస్తుంది. వేలు తెగితే కారేది ఎర్రటి నెత్తురులా ఉండదు, ఆకుపచ్చ నలుపు కలిసిన చారలా ఉంటుంది. టార్చిలైటు వెయ్యగానే ఎరుపు ఎక్కడినుంచో వచ్చి వాలుతుంది. పాఠంలో రంగుల అట్ట ఒకటి ఇచ్చి, అడుగున ఏ రంగు ఏదో చెప్పమంటారు. చాలామంది తప్పు చెబుతారు.

ఇంతవరకూ ఆటే. ఇప్పుడు నాయనమ్మగారి భయం దగ్గరికి వద్దాం.

పలకమీద 1 నుంచి 25 వరకు అంకెలు చెల్లాచెదురుగా రాసి ఉంటాయి. వాటిని వరసగా వేలితో చూపాలి. ముందు పడవమీద చేయించి, ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంలో చూసి రాసుకుంటారు. తరవాత 30 మీటర్ల కింద మళ్ళీ చేయిస్తారు. ఎల్‌కేజీ పిల్లకాయలు చేసే పని ఇది, పెద్దవాళ్ళకు ఒక లెక్కా అనుకుంటాం. కాని కింద చాలామందికి ఎక్కువ సెకన్లు పడుతుంది. కొందరు ఒక అంకె వదిలేస్తారు. ఒక్కొక్కరు 14 దగ్గర ఆగిపోయి, పలకకేసి చూసి తమలో తాము నవ్వుకుంటారు. అసలు విషయం ఏమిటంటే, తప్పు చేసినవాడికి కూడా తాను బ్రహ్మాండంగా చేశాననే అనిపిస్తుంది.

ఇది నత్రజని చేసే పని. మనం పీల్చే గాలిలో అయిదింట నాలుగు వంతులు అదే. నేలమీద అది వస్తుంది, పోతుంది, మనకేమీ చెయ్యదు. ఒత్తిడి పెరిగి, ఒక్కొక్క ఊపిరితోనూ రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు లోపలికి పోయేసరికి అది మత్తుమందులా పనిచేస్తుంది. 30 మీటర్ల సుమారులో ఈ మత్తు తెలియవస్తుంది. నిజానికి తెలియవస్తుందనడం కూడా సరికాదు. చాలామందికి తెలియకపోవడమే దాని గుణం. ఒకడికి ఉత్సాహం, ఒకడికి కారణంలేని భయం, ఇంకొకడికి ఎందుకొచ్చిన తొందర అనే బద్ధకం కలుగుతాయి.

1943లో కూస్తో స్నేహితుడు ఫ్రెడరిక్ డ్యుమా ఎంత లోతుకు పోగలడో చూడాలని, కొలత తాడు పట్టుకుని దిగాడు. మత్తు ఎక్కువై, తాను చేరిన చోట నడికట్టు విప్పి తాడుకు కట్టి, పైకి వచ్చాడు. "30 మీటర్లయినా పోలేదు" అని చాలా నొచ్చుకున్నాడట. తాడు లాగి కొలిచి చూస్తే నడికట్టు 60 మీటర్లకు కిందనే ఉన్నది! అంతటి గజ ఈతగాడికే తానెక్కడున్నదీ తెలియలేదు.

నాలుగేళ్ళ తరవాత, 1947లో, అదే జట్టులోని మోరిస్ ఫార్గ్ ఇంకా లోతుకు ప్రయత్నించాడు. తాడు పొడుగునా పలకలు కట్టి ఉంచారు. చేరిన ప్రతి పలక మీదా సంతకం చేసి, తాడు లాగి పైవాళ్ళకు తాను బాగానే ఉన్నానని సంజ్ఞ చెయ్యాలి. కొంతసేపటికి సంజ్ఞలు ఆగిపోయాయి. పైవాళ్ళు వెంటనే అతన్ని లాగారు. నోటి గొట్టం ఊడిపోయి ఉన్నది. ఎంత ప్రయత్నించినా అతను బతకలేదు. 120 మీటర్ల దగ్గరి పలక మీద అతని సంతకం ఉన్నది. ఆ తరవాత కూస్తో జట్టు మామూలు గాలితో అంత లోతుకు పోయే ప్రయత్నం మానేసింది.

ఈ కథ నాయనమ్మగారికి చెప్పాలా వద్దా అని నేను కాస్త తటపటాయించాను. చెప్పడమే మంచిదనిపించింది. ఎందుకంటే బాబాయి వెళ్ళే తరగతి పుట్టిందే ఇటువంటి సంగతుల నుంచి. ఆ అంకెల పలక ఇచ్చేది తెలివి కొలవడానికి కాదు. "ఇక్కడ నీ బుద్ధి నువ్వనుకున్నంత చురుకుగా లేదు, నీకా సంగతి తెలియడం లేదు" అని వాడికి వాడిచేతనే ఒప్పించడానికి. అందుకే కిందికి పోయాక ఏం చెయ్యాలో అక్కడ ఆలోచించరు. ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, ఎంత గాలి మిగలగానే వెనుదిరగాలి, అన్నీ పడవమీదనే మాట్లాడుకుని పలకమీద రాసుకుంటారు. ప్రతివాడికీ ఒక జతగాడుంటాడు. వాడి చూపు తేడాగా కనిపిస్తే చెయ్యి పట్టుకుని నాలుగు మీటర్లు పైకి తీసుకుపోవాలి. చిత్రం చూడండి, ఆ కాస్త పైకి రాగానే మత్తు మంచులా విడిపోతుంది.

నీళ్ళలో మాటలుండవు కనుక అంతా సైగలే. బొటనవేలు పైకెత్తితే మనం "భేష్" అనుకుంటాం. అక్కడ దాని అర్థం "పైకి పోదాం" అని. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి.

ఇప్పుడొక లెక్క. పెన్సిలు తీసుకోండి. సిలిండరులో సుమారు 2,200 లీటర్ల గాలి కూరి ఉంటుందనుకుందాం. ఈదేవాడు నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే, నీటి పైన 110 నిమిషాలు వస్తుంది. 40 మీటర్ల దగ్గర గాలి అయిదు రెట్లు చిక్కనవుతుంది కాబట్టి, అదే ఊపిరికి నిమిషానికి 100 లీటర్లు పోతాయి. అంటే 22 నిమిషాలే! అందులోనూ నాలుగో వంతు ఆపదకని దాచుకోవాలి. మిగిలినది ఎంతో మీరే చెప్పండి.

గాలి ఉన్నంతసేపూ కింద ఉండవచ్చా అంటే, అదీ లేదు. గోలీసోడా ఎప్పుడైనా కొట్టించారా? గోలీ లోపలికి నొక్కేవరకు సోడా నీళ్ళలా నిశ్చలంగా ఉంటుంది. నొక్కగానే బుస్సున పొంగుతుంది. ఒత్తిడితో నీళ్ళలో కరిగి ఉన్న వాయువు, ఒత్తిడి తగ్గగానే బుడగలై బయటికి వస్తుందన్నమాట. లోతున పీల్చిన నత్రజని కూడా ఇలాగే నెత్తురులో, కండలో కరుగుతుంది. గబాలున పైకి వస్తే ఒంట్లోనే సోడా పొంగుతుంది. కీళ్ళు నొప్పి పెడతాయి. బుడగలు వెన్నుపాములో చేరితే కాళ్ళు పడిపోవచ్చు.

దీనికి మందు కనిపెట్టడంలో మేకలు సాయం చేశాయి! ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివాళ్ళూ మేకలను ఇనుపగదిలో ఉంచి, గాలి ఒత్తిడి పెంచి, రకరకాలుగా తగ్గించి చూశారు. ఒత్తిడి గబగబా తగ్గించిన మేక ముందుకాలు నొప్పితో ఎత్తిపెట్టి నిలబడేది. మెట్లు మెట్లుగా ఆగుతూ తగ్గిస్తే చెంగుచెంగున గంతులేసేది. 1908లో హాల్డేన్ పట్టికలు అచ్చువేశాడు: ఇంత లోతున ఇంతసేపు ఉంటే, పైకి వచ్చేటప్పుడు ఇక్కడిక్కడ ఇంతింతసేపు ఆగాలి అని. ఇప్పుడు ఈతగాడి మణికట్టుకు కట్టుకునే చిన్న కంప్యూటరు ఆ లెక్కే క్షణక్షణమూ కడుతుంది.

పాడి వారి పట్టిక ప్రకారం, దారిలో తప్పనిసరిగా ఆగవలసిన పని లేకుండా 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఉండవచ్చు. 30 దగ్గర 20 నిమిషాలు. 40 దగ్గర ఎంతనుకున్నారు? 9 నిమిషాలు! ఆ తొమ్మిదిలోనే దిగడానికి పట్టే కాలం కూడా కలిసి ఉన్నది. దిగడానికి 3 నిమిషాలు పోతే, అడుగున మిగిలేది 6 నిమిషాలు. గుడ్డు పగలగొట్టి, పలకమీద అంకెలు చూపి, చుట్టూ ఒకసారి చూసేసరికి అయిపోతుంది. పైకి మాత్రం నిమిషానికి 9 మీటర్లకు మించకుండా, నింపాదిగా రావాలి. ఊపిరి బిగబట్టకూడదు. అడుగున పీల్చిన గాలి పైకి వచ్చేసరికి అయిదింతలు కావాలని చూస్తుంది. దానిని బయటికి పోనివ్వకపోతే ఊపిరితిత్తులు చిరుగుతాయి. 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని, ముందు జాగ్రత్తకు మరొక 3 నిమిషాలు ఆగాలి. అక్కడ నీళ్ళలో అదనపు సిలిండరు ఒకటి వేలాడుతూ ఉంటుంది. పొరపాటున కింద ఎక్కువసేపు ఉండిపోయినట్టు భావించి, ఆ సిలిండరు గాలి పీలుస్తూ, అదే చోట 8 నిమిషాలు ఆగడం కూడా అభ్యాసం చేయిస్తారు. వినడానికి సులువే గాని, అలలకు ఊగుతూ కదలకుండా ఎనిమిది నిమిషాలు వేలాడటం చాలామందికి 40 మీటర్లకు దిగడం కంటె కష్టంగా తోస్తుంది.

ఒడ్డుకు వచ్చాక కూడా పాఠం పూర్తి కాదు. విమానంలో గాలి ఒత్తిడి నేలమీది కంటె తక్కువ. కాబట్టి నాలుగు పాఠాలు చేసినవాడు ఆఖరిసారి నీటినుంచి వచ్చాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. బాబాయి తిరుగు టిక్కెట్టు ఏ రోజుకు కొన్నాడో ఎవరైనా చూశారా? ఆఖరి పాఠం రోజు సాయంత్రానికే కొని ఉంటే, ఇప్పుడే మార్పించండి.

బడివాళ్ళను ముందుగా అడగవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. ఒక్క గురువు వెంట ఎందరు దిగుతారు? పడవలో ప్రాణవాయువు సిలిండరు ఉంటుందా? బుడగల జబ్బు చేస్తే మొదట ఇవ్వవలసినది అదే. తిరిగి ఒత్తిడి పెట్టి వైద్యం చేసే గది ఎక్కడ ఉన్నది, అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఈ ప్రశ్నలకు చిరాకుపడే బడి అయితే వేరొకటి చూసుకోవడం మేలు.

అమ్మాయీ, నాయనమ్మగారికి ఈ పేజీ చదివి వినిపించు. ఆవిడ అనుకున్నట్టు బాబాయి గంటల తరబడి సముద్రం అడుగున ఉండడు, ఆరు నిమిషాలే. మిగిలిన చదువంతా తిరిగి వచ్చే చదువే. బాబాయి ఇల్లు చేరగానే, ఆ అంకెల పలకకు పడవమీద ఎన్ని సెకన్లు పట్టిందో, 30 మీటర్ల కింద ఎన్ని పట్టిందో అడిగి, రెండూ మాకు రాయి. "రెండూ ఒకటే" అంటే గురువుగారి దగ్గర రాసుకున్న కాగితం చూపించమను.